మంటల మామయ్య ఆడినన్నాళ్లూ

మార్చి 4, సోమవారం

మూడు వారాలు నోరు విప్పకూడదట. నేను!

డాక్టరు నా నోట్లో చెంచా పెట్టి, అద్దం పెట్టి, దీపం పెట్టి చూసి, గొంతులో తీగలు వాచిపోయాయన్నాడు. "మరి గుసగుసగా మాట్లాడొచ్చా?" అని గుసగుసగా అడిగాను. "అది ఇంకా చేటు. గట్టిగా నవ్వకూడదు కూడా. నవ్వొస్తే లోపలే నవ్వుకోండి," అన్నాడు. లోపల నవ్వుకోవడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

తప్పంతా ఆ ఓడ మునిగే బొమ్మది. వారం రోజులు తుఫాను నేనే, కెప్టెన్ నేనే, మునిగిపోయే జనమూ నేనే. ఆఖరి ఆటలో కెప్టెన్ "నా ఓడను వదిలి రాను" అనాల్సిన చోట నా నోట్లోంచి పిల్లి కూత లాంటిదొకటి వచ్చింది. ఓడలో పిల్లి కూడా ఉందనుకున్నారు జనం. పాపం పిల్లి అని ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

మూకీ బొమ్మ పక్కన నిలబడి కథ చెప్పడం నా పని. ఊళ్లో అందరూ గొంతుగారు అంటారు. అసలు పేరు మా అత్తగారికైనా గుర్తుందో లేదో. నేను మాట్లాడకపోతే ఆ తెర మీద ఏముంది? నలుపూ తెలుపూ నీడలు. పెదాలు కదుపుతాయి, వినపడి చావదు. మధ్యలో వచ్చే అక్షరాలు పరాయి భాషవి. వాటికి ప్రాణం పోసేది నేను.

చెప్పాల్సిన మాటలన్నీ లోపలే పేరుకుపోయి కడుపు ఉబ్బరంగా ఉంది. అందుకే వచ్చే దారిలో ఈ పుస్తకం కొన్నాను. దీన్ని ఎవరికీ చూపించను.

మార్చి 5, మంగళవారం

మా ఆవిడ పలకా బలపమూ తెచ్చిచ్చింది. ఆమెతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా అత్తగారితోనే. ఆవిడకు చూపు సరిగ్గా ఆనదు. పలక చూపిస్తే, "నల్లగా ఏదో ఉంది బాబూ," అంటారు. వేడినీళ్లు కావాలని రెండు చేతులూ తిప్పి చూపించాను. "వానొస్తోందట, బట్టలు తియ్యవే!" అని కూతురికి కేకేశారు. మా ఆవిడ పరుగెత్తుకెళ్లి తడిబట్టలన్నీ లోపలికి తెచ్చేసింది. తెచ్చాక ఎండ వంక చూసింది. ఆ తర్వాత నా వంక చూసింది.

సాయంత్రం అత్తగారు తన చిన్నప్పటి కబుర్లు చెప్పారు. లేచి పోదామంటే సాకు చెప్పడానికి నోరు లేదు. చివరికి, "అల్లుడుగారూ, మీరింత నెమ్మదైన మనిషని ఇన్నేళ్లూ నాకు తెలియనే లేదు సుమండీ," అన్నారు.

మార్చి 6, బుధవారం

హాలు యజమాని ఇంటికొచ్చాడు. శుక్రవారం కొత్త బొమ్మ వేస్తున్నారు. ఒక చేతకాని ఫైర్‌మన్ కథ, మొదటినుంచి చివరిదాకా నవ్వులేనట. పలక మీద రాసి దానికి పేరు నేనే పెట్టాను: మంటల మామయ్య. నా బదులు కథ చెప్పడానికి పక్క ఊరి వేలంపాట మనిషిని మాట్లాడాడట.

"మీకు నయమయ్యేదాకానే, గొంతుగారూ. మీ చోటు మీదే," అన్నాడు.

ఎవరైనా పనిగట్టుకుని వచ్చి నీ చోటు నీదే అన్నారంటే ఆ చోటు కిందికి నీళ్లొచ్చినట్టే.

అయినా నాకేం దిగులు లేదు.

మార్చి 7, గురువారం

దిగులు లేదు.

మార్చి 8, శుక్రవారం

ఇన్నేళ్లలో మొదటిసారి కుర్చీలో కూర్చుని బొమ్మ చూశాను. పని చేసేటప్పుడు నా ఒక కన్ను తెర మీద, ఒక కన్ను జనం మీద ఉండేది. రెండు కళ్లూ తెరకిచ్చింది ఇవాళే.

మంటల మామయ్య గుండ్రటివాడు. పెద్ద మీసం, చిన్న టోపీ. గంట మోగగానే నిద్రలోంచి లేచి ఒకే ప్యాంటు కాలులో రెండు కాళ్లూ దూర్చాడు. గెంతుకుంటూ వచ్చి స్తంభం పట్టుకుని కిందికి జారేసరికి ఫైరింజను గుర్రాలతో సహా వెళ్లిపోయింది. నిచ్చెన భుజానేసుకుని వెనకాలే పరుగెత్తాడు. ఎవరో పిలిస్తే ఇటు తిరిగాడు, నిచ్చెన అటు తిరిగి పైఅధికారిని నేలకు కొట్టింది. ఎవరు కొట్టారా అని అటు తిరిగాడు. లేవబోతున్న అధికారి మళ్లీ పడ్డాడు. నేను నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని లోపల నవ్వుకున్నాను. ముఖం కందగడ్డయిందట. పక్క సీటాయన ఊపిరాడ్డం లేదనుకుని వీపు మీద దబదబా బాదాడు.

వేలంపాట మనిషి మొదలుపెట్టడం బాగానే మొదలుపెట్టాడు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? "ఇదిగో నిచ్చెన, గట్టి నిచ్చెన, కొత్త నిచ్చెన! ఎక్కుతున్నాడు, ఒకటోసారి! జారాడు, రెండోసారి!" అంటూ అందుకున్నాడు. ముందు వరసలోంచి ఎవడో, "నాకే కొట్టెయ్!" అని అరిచాడు. ఆ ఊపులో తగలబడుతున్న మేడ కూడా అతనికే కొట్టేశాడు. హాలంతా ఈలలు. విశ్రాంతి సమయంలో మనిషి టోపీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

రెండో సగానికి చెప్పేవాడే లేడు. మిషను టకటక తప్ప మాట లేదు. జనం కాళ్లు నేలకు కొట్టడం మొదలుపెట్టారు. చూశారా, నేను లేకపోతే ఇంతే, అనుకున్నాను. అబద్ధమెందుకు, కొంచెం హాయిగానే అనిపించింది.

అప్పుడు ఎడమవైపు స్తంభం పక్కనుంచి నవ్వులు వినిపించాయి. ఆ మూల నాకు చాలా ఇష్టం. ఏ బొమ్మయినా, ఎంత చప్పగా ఉన్నా, ఆ మూల నవ్వుతుంది. నన్ను నిలబెట్టింది ఆ మూలే. ఎందుకు నవ్వుతున్నారా అని వంగి వంగి వెళ్లాను.

అక్కడ మా అత్తగారూ మా ఆవిడా ఉన్నారు. ఆటకొస్తారని తెలుసు, ఎక్కడ కూర్చుంటారో నేనెప్పుడూ అడగలేదు.

"ఇప్పుడేమైందే?" అని అత్తగారు అడుగుతున్నారు.

"ముసలావిడ్ని కాపాడ్డానికి మంటల్లోకి వెళ్లాడమ్మా. గడియారం మోసుకొచ్చాడు."

"గడియారమా! మరి ముసలావిడో?"

"ఆవిడే నడిచొచ్చింది. వస్తూ కుర్చీ కూడా తెచ్చుకుంది. కూర్చుని చూస్తోంది, మనలాగే."

చుట్టూ నాలుగు వరసలవాళ్లు మెడలు చాపి వింటున్నారు. సందులో మా దర్జీ నా చొక్కా పట్టుకు లాగాడు. "గొంతుగారూ, కాస్త అడ్డు లేవండి. ఈ సీట్ల కోసం మేం ఎప్పుడూ ముందే వచ్చి కూర్చుంటాం," అన్నాడు.

ఎప్పుడూ.

మార్చి 9, శనివారం

నాకేం బాధ లేదు. ఆ మూలవాళ్లు నన్నూ వినేవాళ్లే. రెండు చెవులుంటాయి కదా.

యజమాని పొద్దున్నే వచ్చి మా ఆవిణ్ణి కథ చెప్పమన్నాడు. "నేనా? అంతమంది ముందా? అమ్మకి చెప్పడం వేరండీ," అంది. అయితే అమ్మకే చెప్పండి అన్నాడతను. తెర పక్కన, నేను నిలబడే చోట, రెండు కుర్చీలు వేయించాడు. అత్తగారు ఒకదాంట్లో, మా ఆవిడ ఒకదాంట్లో. ఆవిడ అడగడం, ఈవిడ చెప్పడం. ఇంట్లో మాట్లాడుకున్నట్టే, కాకపోతే కాస్త గట్టిగా.

మా ఆవిడకు అలవాటు లేదు పాపం. రేపటికి తనే మానేస్తుంది.

మార్చి 10, ఆదివారం

మానలేదు.

మార్చి 11, సోమవారం

మానలేదు. పైగా బజారులో పిల్లలు ఒకర్నొకరు పొడుచుకుంటూ "ఇప్పుడేమైందే?" అనుకుంటున్నారు. ఇన్నేళ్లలో నా మాట ఒక్కటీ బజారుకెక్కలేదు.

మార్చి 12, మంగళవారం

నేను తెర వెనక్కి వెళ్లింది వాళ్ల మాటలు వినడానికి కాదు. తెరగుడ్డ కింద ముడత పడుతోంది, సరిచేద్దామని వెళ్లాను. వెళ్లాను కనక విన్నాను.

వెనకనుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. మామయ్య ఎడమచేత్తో సలాం కొడతాడు. అది చూస్తూ వెనక్కి నడిచాను. నిప్పు భయానికి అక్కడ ఇసుక బకెట్లూ నీళ్ల బకెట్లూ పెట్టి ఉంచుతారు. నా కాలు ఒకదాంట్లో దిగబడింది. రెండోది దొర్లింది. పట్టుకోబోయి గోడకు ఆనించిన రేకును లాగాను. అది మీద పడి, నేను దాని మీద పడి, ఇద్దరం కలిసి నీళ్లలో జారాం.

సరిగ్గా అదే క్షణాన తెర మీద మామయ్య నిచ్చెన మీంచి అధికారి నెత్తిన పడ్డాడట.

అంత నవ్వు ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు. పైకప్పు లేచిపోతుందనుకున్నాను. నవ్వు తగ్గాక అత్తగారి గొంతు: "ఇది మాత్రం నాకు భలే వినిపించిందే! మామయ్యే కదూ పడింది?"

"మామయ్యేనమ్మా," అంది మా ఆవిడ. ఆ వెంటనే, "కాస్త గట్టిగానే తగిలినట్టుంది," అంది. ఆ రెండో మాట అత్తగారికి చెప్పింది కాదు.

మార్చి 13, బుధవారం

యజమాని ఇవాళ కూడా పడమంటాడు. పలక మీద రాసి చూపించాను: మహారాజులుగా, మునులుగా, సముద్రాలుగా మాట్లాడినవాణ్ణి. బకెట్లు తన్నడం నా పని కాదు. ఇది రాయడానికి పలక రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. అప్పటికి అతను వెళ్లిపోయాడు.

మోకాలు వాచింది. మా ఆవిడ కాపడం పెట్టింది. నవ్వు ఆపుకుంటూ పెట్టింది.

సాయంత్రం ఒక్కసారి తన్నాను. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని.

మార్చి 15, శుక్రవారం

రేకు ఊపితే మంటల చప్పుడు రాదు, ఉరుము చప్పుడొస్తుంది. మంటకు మందపాటి కాగితం నలపాలి. ఇది కనిపెట్టడానికి ఒక పూట పట్టింది. గుర్రాలకు చెక్క చెప్పుల జత. గొట్టంలోంచి నీళ్లు చిమ్మితే తడిగుడ్డతో నేలను బాదడం. మామయ్య బోర్లా పడితే ఇత్తడి పళ్లెం, వెల్లకిలా పడితే సత్తు గిన్నె. తేడా ఉంది. జనానికి తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

సత్తు గిన్నె కోసం వంటింట్లో అత్తగారితో పెనుగులాట అయింది. "దొంగ! దొంగ!" అని అరిచారు. నేను కాదని చెప్పడానికి నోరు లేదు. చివరికి నా మీసం తడిమి చూసి వదిలారు. గిన్నె ఇచ్చారు. "సొట్ట పడితే మీదే పూచీ," అన్నారు.

మార్చి 17, ఆదివారం

యజమాని మళ్లీ ఇంటికొచ్చాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. తలుపు కొద్దిగా తెరిచే ఉంది.

"అమ్మా, మీరే ఉండిపోండి. హాలు నిండిపోతోంది. గొంతుగారికి వెనక చప్పుళ్లు ఉండనే ఉన్నాయి," అన్నాడు.

మా ఆవిడ అతనికి మంచినీళ్లు తెచ్చిపెట్టింది. తర్వాత, "ఆయన చోటు ఆయనదేనండీ. గొంతు రాగానే నా మూలకి నేను పోతాను," అంది.

సంతోషించాను. సంతోషించాననే రాస్తున్నాను.

మార్చి 18, సోమవారం

ఇవాళ మా ఆవిడ గిన్నెలు తోముతూ కూనిరాగం తీయలేదు. అప్పుడు తెలిసింది, ఈ వారమంతా తీస్తూనే ఉందని. మొన్నటిదాకా ఇంట్లో ఎప్పుడైనా తీసిందా? తీసే ఉంటుంది. నేను మాట్లాడుతూ ఉండి ఉంటాను.

మార్చి 20, బుధవారం

పోట్లాట.

ఇవాళ ఆట పాడైంది. మామయ్య పంజరం పట్టుకుని కిటికీలోంచి దూకే చోట మా ఆవిడ ఒక మాట చెప్తుంది. దానికి జనం పడిపడి నవ్వుతారు. నేను పళ్లెం ముందే కొట్టాను. మాట పళ్లెం కింద పడి నలిగిపోయింది. తర్వాత గుర్రాలప్పుడూ అంతే. ఆ తర్వాత గంటప్పుడూ అంతే.

ఇంటికి రాగానే పలక తీసుకుని నా వాదన రాశాను: బొమ్మ వేగంగా తిప్పారు, నా తప్పు లేదు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. నేను పలకతో ఆ పక్కకు వెళ్లాను. ఈ పక్కకు తిరిగింది. మాటలు రానివాడితో పోట్లాడేటప్పుడు గెలవాలంటే చదవకపోతే చాలు.

"ఏమండీ," అంది గోడతోనే, "నేను మాట్లాడుతుంటే మీరు గంట కొట్టేస్తారు. హాల్లోనే కాదు. ఇన్నేళ్లూ ఇంట్లో జరిగింది కూడా అదే."

పలక తుడిచేశాను.

మార్చి 21, గురువారం

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 22, శుక్రవారం

తెరగుడ్డ అంచు కాస్త పక్కకు లాగి కట్టాను. ఇప్పుడు వెనకనుంచి ఆమె ముఖం కనిపిస్తుంది. మాట అయిపోయేటప్పుడు గడ్డం కొంచెం పైకి లేపుతుంది. అది ఆమెకు కూడా తెలియదనుకుంటాను. గడ్డం లేచేదాకా ఆగాలి. ఆగి, కొట్టాలి.

ఆగడం చాలా కష్టం. కానీ మాట పూర్తయి, జనం గుటక మింగి, నవ్వు అంచుదాకా వచ్చి నిలబడ్డప్పుడు పళ్లెం మోగితే! మూడుచోట్ల కుదిరింది. మూడోసారి ఆమె తెర అంచు వంక చూసింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ముఖం అంతసేపు చూడలేదు. మాట్లాడేటప్పుడు ఎడమ కనుబొమ ఒక్కటే లేస్తుంది.

మార్చి 25, సోమవారం

డాక్టరు మళ్లీ చెంచా, అద్దం, దీపం పెట్టాడు. "పూర్తిగా నయమైంది. కావాలంటే పాటలు పాడుకోండి," అన్నాడు. తల ఊపి వచ్చేశాను.

ఇంటి గుమ్మంలో మా ఆవిడ ఎదురైంది. "ఏమన్నాడు?" అని అడిగింది. ఊపిరి బిగబట్టి అడిగింది.

పలక తీసి రాశాను: ఇంకో నెల జాగ్రత్తగా ఉండమన్నాడు.

డాక్టరు అలా అనలేదు. కానీ అనుకునే ఉంటాడు. డాక్టర్లు మనసులో చాలా అనుకుంటారు.

"అయ్యో, నెలా!" అంది. అయ్యో అన్నది నోరే. వంటింట్లోకి వెళ్లాక కూనిరాగం మొదలైంది.

మార్చి 26, మంగళవారం

గొంతు ఉండి మాట్లాడకపోవడం, గొంతు లేక మాట్లాడకపోవడం కంటే పదిరెట్లు కష్టం. అత్తగారు ఒకే కథ మూడోసారి చెప్పారు. ఈసారి అందులో ఆవు గేదె అయిపోయింది. దిద్దుదామని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను.

మార్చి 28, గురువారం

చాలా పొద్దుపోయింది, దీపంలో నూనె అయిపోవస్తోంది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాసెయ్యాలి.

సాయంత్రం ఆటకు డాక్టరు కుటుంబంతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను చూడలేదు. చూసి ఉంటే ఇసుక బకెట్ వెనక దాక్కునేవాణ్ణి. విశ్రాంతి సమయంలో దీపాలు వేశారు. మా ఆవిడ నాకు నీళ్లు ఇస్తోంది. డాక్టరు కూర్చున్న చోటు నుంచే హాలంతా వినపడేలా కేకేశాడు:

"గొంతుగారూ! ఇంకా మాట్లాడ్డం లేదేం? మొన్న చూశాను కదా, గంటలా ఉంది మీ గొంతు!"

మా ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఎడమ కనుబొమ లేచింది. నేను పలక కోసం వెతికాను. ఇంతలో గంట కొట్టారు, దీపాలు ఆర్పేశారు. ఆమె తన కుర్చీకి వెళ్లిపోయింది. నేను తెర వెనక్కి దూరాను.

రెండో సగం మొదలైంది. పెద్ద నిచ్చెన ఎక్కాల్సి వస్తుందని మామయ్య మంచి కాలికి కట్టు కట్టుకుంటాడు. అధికారి రాగానే కుంటడం మొదలుపెడతాడు. ఏ కాలికి కట్టు కట్టాడో మర్చిపోయి రెండో కాలితో కుంటుతాడు.

"ఇప్పుడేమైందే?" అన్నారు అత్తగారు.

"కాలు నొప్పి అంటున్నాడమ్మా," అంది మా ఆవిడ. "నొప్పీ లేదు, పాడూ లేదు. డాక్టరు కూడా బాగుందనేశాడు."

తెర మీద డాక్టరెవరూ లేరు.

"మరి ఎందుకే ఈ నాటకం?"

రోజూ ఈ చోట ఆమె 'నిచ్చెనంటే భయమమ్మా' అంటుంది. ఇవాళ అనలేదు. తెర అంచు దగ్గర, నేనున్న వైపు తిరిగింది. చీకట్లో నేను కనపడను. అయినా సూటిగా నా వైపే చూసింది.

"ఎందుకో ఆయన చెప్పడమ్మా. మంచివాడే. అబద్ధం చెప్పడం మాత్రం చేతకాదు."

అత్తగారు తొడ మీద చరుచుకున్నారు. "అచ్చం మన అల్లుడుగారే!"

హాలు ఘొల్లుమంది. దర్జీ నవ్వు వినిపించింది, యజమాని నవ్వు వినిపించింది, డాక్టరు నవ్వయితే అన్నింటికంటే పైన వినిపించింది. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. నా కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చింది. దిగమింగబోయాను, ఆగలేదు. చేతిలో పళ్లెం వదిలేసి పగలబడి నవ్వాను. తెర వెనకనుంచి అంత పెద్ద నవ్వు వచ్చేసరికి, మామయ్యే నవ్వాడనుకుని జనం మరింత నవ్వారు. కళ్లల్లో నీళ్లు తిరిగి నాకు బొమ్మ కనిపించడం మానేసింది.

ఆట అయ్యాక ఇంటికి నడిచాం. అత్తగారు నా చెయ్యి పట్టుకుని నడిచారు. మలుపు దగ్గర మా ఆవిడ ఆగింది.

"యజమానికి రేపు చెప్పేస్తాను," అంది.

నేను ఆమె వంక చూశాను.

"ఉండిపోతానని. మీరూ అలాగే ఉండాలి మరి, వెనక."

తల ఊపాను.

"ఇంకొకటి. మామయ్య బోర్లా పడ్డప్పుడు పళ్లెం మోగలేదు. నవ్వుతూ కూర్చున్నారు. రేపు ఆ చోట నవ్వకండి."

ఎన్నో చెప్పొచ్చు. గొంతు కూడా ఉంది. ఆమె చెప్పడం అయిపోయిందా లేదా అని గడ్డం వంక చూశాను. అయిపోయింది.

"సరే," అన్నాను.